ఉప్పు చూపిన గింజ

టికియాపారా, హౌరా
9 జనవరి 2025

అమ్మన్నత్తకు,

నీ మేనకోడలు రోజా రాస్తున్నది. ఈమాత్రానికి ఫోను చెయ్యొచ్చు కదా అనకు. ఫోనులో నువ్వు మాట్లాడవు, నీ చుట్టూ చేరినవాళ్లు మాట్లాడతారు. పైగా నాకు తెలుగు అక్షరాలు రావాలని చిన్నప్పుడు నెలకో ఉత్తరం రాయించుకున్నది నువ్వే. ఆ అలవాటు నీవల్లే వచ్చింది, భరించు.

ఇక్కడ అందరం బాగున్నాం. నాన్నకు ఇంకో రెండేళ్ల సర్వీసుంది. కార్‌షెడ్‌లో బోగీల కింద దూరి పని చేసి నడుం పట్టేసిందంటాడు. సెలవు పెట్టమంటే మాత్రం "నాను లేకపోతే ఆ బళ్లు కదుల్తాయేటి?" అంటాడు. అమ్మ నీకు నమస్కారాలు చెప్పమంది.

ఇక నా పని సంగతి. భవానీపూర్‌లో మా కాలేజీ మేడమీద ఒక గాజుగది ఉంది. మూడేళ్లుగా అందులో వరిమొక్కలకు ఉప్పునీళ్లు పోస్తున్నాను. ఎవరైనా అడిగితే నాన్న "మొక్కల డాక్టరు" అని చెబుతాడు గాని, నా చేతిలో బతికిన మొక్కలకంటే చచ్చినవే ఎక్కువ. సుందర్‌బన్ దీవుల్లో కట్టలు తెగినప్పుడల్లా పొలాల్లోకి ఉప్పునీళ్లు వస్తాయి. ఆ నేలలో నిలబడే వడ్లు కావాలి. పందొమ్మిది రకాలు చూశాం. ఒక్కటీ పన్నెండు రోజులు దాటలేదు. మా శర్మిష్ఠా మేడమ్ ఓపిక కూడా దాటేలా లేదు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు దసరా సెలవులకు మీ ఊరొచ్చాను. మీ పొలం గట్టుమీద ఉప్పు తెల్లగా పేరుకుని ఉంది, దాని పక్కనే వరి పచ్చగా ఉంది. మీరు వాటిని పర్రవడ్లు అనేవారు. అవి ఇంకా ఉన్నాయా? ఉంటే ఒక తవ్వెడు పంపు. మొహమాటం లేకుండా అడుగుతున్నాను, నాకు ఇది చాలా ముఖ్యం.

నీ కోడలు,
రోజా

చినరేవు, శ్రీకాకుళం జిల్లా
24 జనవరి 2025

మొక్కలకు ఉప్పునీళ్లు పోసే కోడలికి అత్త దీవెనలు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అక్షరాలు మునుపటికంటే నయం. వరసలే ఇంకా కిందికి జారుతున్నాయి. గీతలున్న కాగితం మీద రాయి, తప్పులేదు.

పర్రవడ్లు ఉన్నాయా అని అడుగుతావా? నేనున్నంతకాలం ఉంటాయి. మా అత్తగారి చేతినుంచి నా చేతికి వచ్చి ముప్పైఎనిమిదేళ్లయింది. ఊళ్లో సగం మంది ప్యాకెట్ల విత్తనానికి మళ్లారు. దిగుబడి ఎక్కువట, గింజ సన్నమట. సరే, ఎవరిష్టం వాళ్లది. సముద్రం పొంగి చేలమీదికి వచ్చిన మర్నాడు మాత్రం కుంచం పట్టుకుని నా గుమ్మంలోకే వస్తారు. నేనేమీ అనను. గింజలు కొలిచి ఇచ్చి, కాఫీ కూడా ఇచ్చి పంపుతాను. ఆ కాఫీ తాగుతున్నప్పుడు వాళ్ల ముఖం చూస్తే నాకు చాలు.

తవ్వెడు అడిగావు, రెండు తవ్వలు పంపుతున్నాను. మన ఇంటి పద్ధతిలో చెయ్యవలసినవన్నీ చేసి, ఆరబెట్టి, గుడ్డసంచిలో కుట్టాను. నువ్వు మళ్లీ ఏ మందులూ పుయ్యకు. ఇంకో పొట్లంలో మీ నాన్నకు ఎండురొయ్యలున్నాయి. అవి మీ కాలేజీకి పట్టుకుపోయేవు.

ఒకటి అడుగుతాను. ఉప్పునీళ్లు పోస్తే మొక్క ఏం చేస్తుందో నీ కళ్లతో చూసింది నాకు రాయి. ఇన్నేళ్లూ నేను బయటినుంచి చూశాను. లోపల ఏం జరుగుతుందో నువ్వు చెప్పాలి.

మీ నాన్నను సెలవు పెట్టమను. బళ్లు కదులుతాయి.

అమ్మన్నమ్మ

టికియాపారా
12 మార్చి 2025

అత్తా,

ముందు అసలు మాట. నీ వడ్లు నెగ్గాయి.

గింజల్ని మామూలు నీళ్లలో మొలకెత్తించి, పద్నాలుగో రోజునుంచి ఉప్పునీళ్లు మొదలుపెట్టాను. పన్నెండు రోజుల తర్వాత యాభై మొక్కల్లో నలభైఒకటి నిలబడ్డాయి. పక్క ట్రేలో ఇక్కడి పేరున్న రకంలో ఆరే మిగిలాయి. మేడమ్ రెండు ట్రేల మధ్యా కుర్చీ వేసుకుని కూర్చుంది. మట్టిపిడతలో టీ చల్లారిపోయింది, తాగలేదు. చివరికి "ఎ ధాన్ కార్?" అంది. ఎవరి వడ్లు ఇవి అని. మా అత్తవి అన్నాను. ఇంటికి వచ్చేటప్పుడు మెట్రోలో ఒంటరిగా నవ్వుకుంటుంటే పక్కన కూర్చున్నావిడ జరిగి కూర్చుంది.

నువ్వు అడిగింది రాస్తున్నాను. ఉప్పునీళ్లలో నిలబడ్డ మొక్కకు నీళ్లున్నా లేనట్టే. చుట్టూ ఉన్న నీటిని వేరు తాగలేదు. కాబట్టి అది కరువులో ఉన్న మొక్కలాగే ప్రవర్తిస్తుంది. మొదట ఆకుమీది సన్నటి రంధ్రాలు మూసేసి ఒంట్లో తడి పోకుండా చూసుకుంటుంది. రంధ్రాలు మూసుకుంటే గాలీ అందదు, అందుకని ఎదగడం ఆపుతుంది. తర్వాత తనే ఒకరకం రసం తయారుచేసుకుని ఆ తడిని పట్టి ఉంచుతుంది. అయినా లోపలికి దూరిన ఉప్పును ముసలి ఆకుల్లోకి తోసేస్తుంది. ఆ ఆకులు ఎండి రాలిపోతాయి, మధ్యలో లేత ఆకు బతుకుతుంది. కొంత ఉప్పును మాత్రం ప్రతి కణంలోనూ ఒక గదిలాంటి చోట పెట్టి మూసేస్తుంది.

ఇవన్నీ ప్రతి వరీ అంతో ఇంతో చేస్తుంది. మిగతా రకాలు నాలుగో రోజుకు మొదలుపెట్టాయి, అప్పటికే ఆలస్యం. నీ వడ్లు మొదటిరోజే మొదలుపెట్టాయి. ఎవరో ముందుగా కబురు చెప్పినట్టు.

సుందర్‌బన్‌లో గోసాబా దాటి పడవలో రెండు గంటలు వెళితే ఒక దీవి ఉంది. మొన్న మేడమ్‌తో వెళ్లాను. అక్కడ ఆరు కుటుంబాలు ఈ ఏడు నీ వడ్లు వేస్తామన్నాయి. ఏమేం చెయ్యాలి అని అడిగారు. ఏమీ అక్కర్లేదు, మీ వడ్లు చల్లినట్టే చల్లండి, మిగతాది గింజే చూసుకుంటుంది అని నేనే చెప్పాను. మేడమ్ రిపోర్టు రాస్తోంది. అందులో మొదటి పేరు నాది.

నాలుగు కుంచాలు కావాలి. ఇంకోసారి పరీక్ష చేసి, మిగిలింది దీవికి ఇస్తాం. దయచేసి పంపు.

గర్వంగా,
నీ రోజా

చినరేవు
28 మార్చి 2025

బంగారు కోడలికి,

ఉత్తరం మీ మావకు పైకి చదివి వినిపించాను. ఆయన వలకు ముళ్లు వేసుకుంటూ విని, "ఈ సంగతి మనకి తెల్దేటి?" అన్నాడు. తెలిసిందల్లా గింజ బతుకుతుందని. ఎలా బతుకుతుందో తెలిసిందా అని అడిగితే వల చంకన పెట్టుకుని రేవుకు పోయాడు.

ముసలి ఆకుల సంగతి నిజమే. మొదట కింది ఆకులు మాడితే కొత్తగా కాపరానికొచ్చిన కోడళ్లు చేను పోయిందని ఏడుస్తారు. నేనూ ఏడ్చాను. మా అత్తగారు నడుమ ఉన్న లేత ఆకును పట్టుకుని చూపించి, "ఇది పచ్చగున్నన్నాళ్లు నువ్వు కన్నీళ్లు దాచుకో" అన్నది. రేవుదగ్గర మడచెట్టు ఆకు నాకి చూడు, ఉప్పగా ఉంటుంది. అది ఒంట్లో ఉప్పును ఆకుమీదికి చెమటలా పోస్తుంది. వరికి ఆ విద్య రాదు పాపం, ఆకులే ఇచ్చుకుంటుంది.

గింజలకేం, ఇస్తాను. మన వీధి మల్లేశు కిద్దర్‌పూర్ డాక్‌లో పని చేస్తాడు కదా, పండక్కి వచ్చి ఏప్రిల్ రెండోవారంలో తిరిగి అక్కడికి వెళతాడు. అతనిచేత పంపుతాను. నేను రేపు పలాస వెళుతున్నాను, మీ అరుణ వదినకు నెలలు నిండాయి. వచ్చాక గింజల పని చూస్తాను.

ఆ దీవివాళ్లను గట్టు గట్టిగా వేసుకోమను.

అమ్మన్నమ్మ

టికియాపారా
6 మే 2025

అత్తా,

అరుణ వదినకు మగపిల్లవాడని నాన్న చెప్పాడు. సంతోషం.

మల్లేశు అన్న సంచి తెచ్చి ఇచ్చాడు. అదే ట్రేలు, అదే ఉప్పు, అన్నీ అలాగే చేశాను. యాభైలో ఏడు మిగిలాయి.

చెయ్యి తప్పిందేమోనని, తోడుగా పోసిన రెండో ట్రే కూడా లెక్కపెట్టాను. అందులో తొమ్మిది. ఇవి ఆ వడ్లు కావు. పైకి చూస్తే అలాగే ఉన్నాయి, కాని కావు.

సూటిగా అడుగుతున్నాను, ఏమీ అనుకోకు. నీ విత్తనం కుండ తరిగితే వేరే ఇంటినుంచి తెచ్చి కలిపావా? ప్యాకెట్ విత్తనం ఏమైనా కలిసిందా? నేను నాలుగు కుంచాలు అడిగేసరికి కాదనలేక నువ్వు సాయం చేద్దామనే చేసి ఉంటావు. నిజం చెప్పు, నేను కోప్పడను. కాని నాకు త్వరగా తెలియాలి. జూన్ పదికి దీవిలో నారుమళ్లు పోస్తారు. నా మాట నమ్మి వాళ్లు సొంత విత్తనం దాచుకోకుండా దంపుకుని తినేశారట.

రోజా

చినరేవు
14 మే 2025

రోజాకు,

కోప్పడనని రాశావు. ఎవరు ఎవరిమీద కోప్పడాలి?

ఈ ఊళ్లో నన్ను నోటికొచ్చినట్టు అన్నవాళ్లున్నారు. గయ్యాళి అన్నారు, పెత్తనం చేస్తుందన్నారు. అవి నిజమే, నేను కాదనను. గింజ కలిపింది అని మాత్రం ఈనాటివరకూ ఎవరూ అనలేదు. ఆ మాట మా తమ్ముడి కూతురు, మూడేళ్లుగా గాజుగదిలో కూర్చున్నది, స్పీడ్‌పోస్టులో రాసి పంపింది. మీ మావకు ఈ ఉత్తరం వినిపించలేదు. వినిపిస్తే ఆయన నీతో మాట్లాడడం మానేస్తాడు.

నా ఇంట్లో విత్తనం కుండలో వేరే గింజ పడదు. మల్లేశు వచ్చినప్పుడు నేను పలాసలో కాన్పుదగ్గర ఉన్నాను. మీ మావ కుండ దించి కొలిచి ఇచ్చేశాడు. అంటే ఉప్పు చూపకుండా గింజ ఇల్లు దాటింది. అలాంటి గింజకు నేను జవాబుదారీని కాను. ఎవరూ కారు. అది కూడా తెలియకపోతే మీ నాన్నను అడుగు.

మనవడు బాగున్నాడు.

అమ్మన్నమ్మ

టికియాపారా
21 మే 2025

అత్తా,

నన్ను ఎన్నయినా తిట్టు, ఈ ఉత్తరం మాత్రం చివరిదాకా చదువు.

నీ ఉత్తరం నాన్నకు చదివి వినిపించాను. తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి పోతున్నవాడు, ఉప్పు చూపకుండా అన్న మాట దగ్గర ఆగిపోయాడు.

"ఏటీ, ఉప్పు సూపకుండా ఒగ్గీసినారా? మా బావ పనేనా?"

ఉప్పు చూపడమంటే ఏమిటి నాన్నా అన్నాను.

"నీకు తెల్దేటి? గింజిల్ని ఉప్పుటేటి నీళ్లల్లో ఒక పగలు నానబెట్టీసి, తేలిన తాలు తీసీసి, నీడన ఆరబెడతారు. అప్పుడు గాని ఎవులికీ ఇవ్వరు. మాయమ్మ అలగే సేసీది. మీ అత్త కూడా అలగే సేత్తది."

ఇరవైఆరేళ్లుగా ఒకే ఇంట్లో ఉన్నాం, ఎప్పుడూ చెప్పలేదేం అన్నాను. "నువ్వు అడిగినావేటి? నీది సైన్సు గదా" అని స్నానానికి పోయాడు.

నేను అక్కడే కూలబడ్డాను అత్తా. నువ్వు జనవరిలో 'చెయ్యవలసినవన్నీ చేసి' అని రాశావు. బియ్యంలో రాళ్లు ఏరి పంపినట్టు ఏదో శుభ్రం చేశావనుకున్నాను, అడగలేదు. అసలు పని అదే. ఆ గింజ ఒకసారి ఉప్పునీళ్లు తాగి, మొలకెత్తకుండానే ఆరిపోయింది. ఆ కొద్ది కష్టానికే లోపల సర్దుబాట్లన్నీ మొదలుపెట్టుకుని ఉంది. అందుకే రెండోసారి ఉప్పు రాగానే మొదటిరోజే తలుపులు మూసుకుంది. నేనది గింజ పుట్టుకలో ఉన్న గొప్పతనం అనుకున్నాను. కొంత పుట్టుకే కావచ్చు. మిగతాదంతా నీ చేతిది.

నిన్ను అనుమానించాను. తప్పు నాది, చాలా సిగ్గుగా ఉంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. రెండోసారి పరీక్ష పోయిందని మేడమ్‌కు చెప్పలేదు. గాజుగదిలో వేడికి ట్రేలు పాడయ్యాయన్నాను. ఆమె రిపోర్టు పూర్తిచేసి పంపడానికి సిద్ధంగా పెట్టింది. ఇప్పుడు నిజం చెబితే ఆ రిపోర్టు చింపెయ్యాలి, నా మూడేళ్లూ మళ్లీ మొదటికొస్తాయి. చెప్పకపోతే దీవిలో ఆరిళ్లవాళ్లు ఉప్పు చూపని గింజలు చల్లుతారు. సంచి ఇంకా నా బల్లకిందే ఉంది. ఆ పద్ధతంతా నాకు రాయి, ఒక్క ముక్క వదలకుండా.

రోజా

చినరేవు
30 మే 2025

కోడలా,

కోపం ఇంకా పోలేదు. అది పోయినప్పుడు చెబుతాను, అందాకా పని చూద్దాం.

సముద్రం నీళ్లు పనికిరావు, గింజ చస్తుంది. ఉప్పుటేరులో పాటు తీసి నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు ముంచాలి. పప్పుచారులో ఉప్పు కాస్త ఎక్కువైతే నోటికి ఎలా ఉంటుందో అంతే ఉండాలి. ఎక్కువనిపిస్తే మంచినీళ్లు కలుపు. తెల్లవారాక పోసి, పొద్దువాటారేసరికి తీసెయ్యి. మొలక కన్ను పగలకూడదు. తేలినవి కోళ్లకు వెయ్యి. మునిగినవాటిని ఒక్కసారి మంచినీళ్లతో కడిగి, చాపమీద నీడలో మూడురోజులు ఆరబెట్టు. పంటికింద పటుక్కుమనాలి. రెండు అమావాస్యలు దాటకుండా చల్లాలి, దాటితే చూపినా చూపనట్టే. ఇది ఉప్పుకే కాదు, వానలు ముఖం చాటేసిన ఏడు కూడా పనికొస్తుంది.

ఇంకో నియమం ఉంది. మీ నాన్న చెప్పి ఉండడు, మగవాళ్లకు అది పట్టదు. ఎవరి చెయ్యి ఉప్పు చూపుతుందో ఆ మనిషే జవాబుదారీ. చేను పోతే ఆ ఇంటికి నడిచి వెళ్లి నిలబడాలి. అనాల్సినవన్నీ అననివ్వాలి. తన చేతి గింజ కొంత ఇచ్చి రావాలి, కొన్నది పనికిరాదు. నేను మూడుసార్లు అలా వెళ్లాను. ఒక ఇంట్లో నా మీద చీపురెత్తారు. అయినా నిలబడ్డాను. అందుకే ఈ ఊళ్లో నా గింజకు విలువ.

నేనూ ఒక తప్పు చేశాను. పలాసనుంచి వచ్చి చూసుకున్న రోజే నీకు రాయాల్సింది. మా ఇంటినుంచి అలాంటి గింజ వెళ్లిందని రాయడానికి సిగ్గేసి ఊరుకున్నాను. నువ్వు మీ మేడమ్ దగ్గర దాచింది కూడా అదే జబ్బు. ఇద్దరం ఒకే వంశం మరి.

వెళ్లి చెప్పెయ్యి. మూడేళ్లు పోతే ఇంకో మూడేళ్లు చదువుతావు, నీకేం, మెదడుంది. ఆ ఆరిళ్లవాళ్లకు ఇంకో జూన్ రావాలంటే ఏడాది పడుతుంది.

అమ్మన్నమ్మ

టికియాపారా
20 జూన్ 2025

అత్తా,

చెప్పాను.

నీ ఉత్తరం అయిదో తేదీన అందింది. ఆరున మేడమ్ గదికి వెళ్లి నిలబడే మొత్తం చెప్పాను, వేడి అబద్ధంతో సహా. ఆమె కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకుంది. "అబద్ధం గురించి తర్వాత మాట్లాడతాను. నారు పోసేదెప్పుడు?" అంది. పదో తేదీ అన్నాను. "ఒక వారం ఆగమను. చల్లమని వాళ్లకు చెప్పింది నువ్వు, వెళ్లి వద్దని చెప్పేదీ నువ్వే." రిపోర్టు నా ఎదురుగానే సొరుగులో పడేసి తాళం వేసింది.

ఎనిమిదిన వెళ్లాను, సంచి ఒళ్లో పెట్టుకుని. ఆరిళ్లవాళ్లూ దీవిలో పెద్దాయన నిరాపద కాకా వాకిట్లో కూర్చున్నారు. మార్చిలో నేను చెప్పింది తప్పు, ఈ గింజ ఇలాగే చల్లితే మీ చేలు పోతాయి అన్నాను. నమితా మండల్ అని ఒకావిడ ఉంది, నీ అంత గట్టి మనిషి. "మార్చిలో తెలియదు, ఇప్పుడు తెలుసు అంటావు. రేపు ఇంకేం తెలుస్తుంది నీకు?" అంది. మా అత్త ముప్పైఎనిమిదేళ్లుగా చేస్తున్నది చెబుతున్నాను, నా సొంతం ఏమీ చెప్పడంలేదు అన్నాను. కాకా తల ఊపాడు. "ఇక్కడికి చాలామంది వచ్చి చెప్పి వెళ్లారమ్మా. తప్పు చెప్పానని తిరిగొచ్చినవాళ్లు లేరు. నీళ్లెక్కడ ముంచాలో చూపించు" అన్నాడు.

పాటు వేళకు వాగులో దిగాం. రుచి చూడమంటే ఆడవాళ్లందరూ అరచేత్తో చూసి, ఒకరు ఎక్కువ, ఒకరు తక్కువ అని పోట్లాడుకున్నారు. ఆరిళ్ల గింజలూ నా చేత్తోనే ముంచాను. జవాబుదారీ సంగతి వాళ్లకు చెప్పాను. నమిత నన్ను కింద నుంచి పైకి చూసి, "అయితే నీ ఇంటి అడ్రసు రాసివ్వు" అంది. రాసిచ్చాను.

మూడు రోజులు అక్కడే ఉండి, గింజలు ఆరాక వచ్చాను. ఇటు గాజుగదిలో చూపినవీ చూపనివీ పక్కపక్కన పెట్టి మళ్లీ మొదటినుంచి పెంచుతున్నాను.

నీ కోపం పోయిందా?

రోజా

చినరేవు
5 జూలై 2025

రోజాకు,

సగం పోయింది. మిగతా సగం పంట చూశాక.

నువ్వు అడ్రసు రాసివ్వడం నాకు నచ్చింది.

దీవెనలతో,
అమ్మన్నమ్మ

టికియాపారా
16 నవంబర్ 2025

అత్తా,

మంచి మాట ముందు. ఆగస్టులో ఇరవైరెండు రోజులు చినుకు లేదు, నేలమీద ఉప్పు పైకి తేలింది. చుట్టుపక్కల చేలు ఎర్రబడ్డాయి. మన అయిదు చేలూ కింది ఆకులు వదిలేసుకుని, లేత ఆకు పట్టుకుని నిలబడ్డాయి. ఇప్పుడు కంకులు వంగాయి. నిరాపద కాకా ఫోన్ చేసి మేడమ్‌తో ముప్పావుగంట మాట్లాడాడు. గాజుగదిలో చూపినవి యాభైలో నలభైమూడు, చూపనివి ఎనిమిది. మేడమ్ పాత రిపోర్టు నా చేతికిచ్చి చింపమని, కొత్తది నన్నే రాయమంది. అబద్ధం గురించి కూడా మాట్లాడింది. అది నీకు రాయను, మర్చిపోలేను.

ఆరోది నమిత చేను. సెప్టెంబర్ పోట్లకు ఆ పక్క కట్ట తెగి, ఉప్పునీళ్లు పదకొండు రోజులు నిలిచాయి. ఒక్క గింజ రాలేదు. కట్ట తెగడం నా తప్పు కాదని మేడమ్ అంటోంది, నాన్న అంటున్నాడు. నమిత ఫోన్ చెయ్యలేదు, ఏమీ అడగలేదు. అయినా నాకు అన్నం సయించడం లేదు. వెళ్లాలా అత్తా? వెళ్లి ఏం చెప్పాలి?

రోజా

చినరేవు
25 నవంబర్ 2025

రోజాకు,

వెళ్లాలి. కట్ట ఎవరు తెంపారు, నీళ్లు ఎందుకొచ్చాయి అన్నది లెక్కలోకి రాదు. గింజకు ఉప్పు చూపింది నువ్వు, పోయింది ఆ చేను. నేను వెళ్లిన మూడుసార్లలో రెండుసార్లు తప్పు సముద్రానిదే.

ఏం చెప్పాలని అడిగావు. ఏమీ చెప్పకు. పదకొండు రోజులు మునిగితే ఏ వరీ బతకదని నీ సైన్సు అక్కడ విప్పకు. నీ చేత్తో పండించింది ఎంతుంటే అంత తీసుకెళ్లు. గుమ్మంలో నిలబడి, నీ చేను పోయింది, నేను వచ్చాను అను. అంతే.

తలెత్తుకుని వెళ్లు. నీ పని నువ్వు సరిగ్గా చేశావు.

కోపం మొత్తం పోయింది.

అత్త

టికియాపారా
14 డిసెంబర్ 2025

అత్తా,

నా చేత్తో పండించిందంటే గాజుగదిలో బకెట్లలో పండినవే. దులిపి కొలిస్తే స్టీలు గ్లాసుకు నిండుగా కూడా రాలేదు. అవే రుమాల్లో కట్టుకుని వెళ్లాను. మొన్న పదకొండున, ఒక్కదాన్నే.

నమిత వాకిట్లో పీతలవల బాగుచేసుకుంటోంది. నీ చేను పోయింది, నేను వచ్చాను అన్నాను. బెంగాలీలో ఇదివరకు వేల మాటలు మాట్లాడాను, అంత కష్టమైనవి ఎప్పుడూ మాట్లాడలేదు. ఆమె వల కింద పెట్టింది. తర్వాత అంది అత్తా, అన్నీ అంది. తన పిల్లను చదువు మాన్పించి చెన్నైలో బట్టల ఫ్యాక్టరీకి పంపబోయారట, కాకా అడ్డుపడ్డాడట. అయిదిళ్లలో కొత్తబియ్యం వండుతుంటే ఆ వాసనకు తలుపు వేసుకుందట. నేను నిలబడ్డాను.

అంతా అన్నాక చెయ్యి చాపింది. రుమాలు ఇచ్చాను. విప్పి చూసి, "ఇవి నా ఇంట్లో ఒక పూటకు కూడా రావు" అంది. అవునన్నాను. కాసేపు గింజల్ని అరచేతిలో పోసుకుని ఒక్కొక్కటి పక్కకు జరుపుతూ తాలు ఏరింది. ఏరినవి కోడికి వేసింది. మిగిలినవి కొంగులో ముడివేసుకుని లోపలికి వెళ్లి, నాకు ఒక గిన్నెలో మరమరాలు తెచ్చి పెట్టింది.

నేను తింటుంటే ఎదురుగా కూర్చుని చెప్పింది. "వచ్చే ఏడు వీటికి నువ్వు ఉప్పు చూపకు. నేను చూపుతాను. మా అక్క ఊళ్లోవాళ్లు కూడా అడుగుతున్నారు, వాళ్లకూ నేనే చూపి ఇస్తాను. పోతే ఆ ఇళ్లకు నేను వెళ్లి నిలబడతాను. నువ్వు ఇంత దూరం పడవ ఎక్కి రానక్కర్లేదు."

నాకు ఏడుపొచ్చింది. అక్కడే, మరమరాలు నోట్లో ఉండగానే ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు, మంచినీళ్లు ఇచ్చింది. పడవదాకా తోడొచ్చి, మీ అత్త పేరేమిటి అని అడిగింది. చెప్పాను. నోరు తిరగక రెండుసార్లు తప్పు పలికి, మూడోసారి సరిగ్గా అంది.

రోజా